పుట్టెంట్రుకల కింద

మొన్న పొద్దున్న బాల్కనీలో మనవరాలిని ముందర కూచోబెట్టుకుని, మెడ మీద జుట్టు పైకెత్తి, కళ్ళజోడు సర్దుకుని చూసి, "తగ్గుతోంది" అన్నాను. అది అబద్ధం. మెడ మీది తామర కాస్త పాలిపోయిన మాట నిజమే. కానీ దానికి పైన, జుట్టు మొదలయ్యే చోట, మూడు రోజులుగా ఇంకోటి పుట్టుకొస్తోంది. రూపాయి బిళ్ళంత ఉంది. చుట్టూ తెల్లటి పొట్టు, మధ్యలో వెంట్రుకలు తెగిపోయి నల్ల చుక్కల్లా మిగిలిన మొదళ్ళు. దాన్ని నేను చూశాను. చూసీ ఆ మాట అన్నాను. నా వెనకాల నిలబడ్డ మా కోడలు మౌనిక పెద్దగా ఊపిరి వదిలి, పిల్లకి టిఫిన్ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. ఈ మాట ఇదే గొంతుతో నేను ఒకసారి అనేశాను. అప్పుడు నాకు పదేళ్ళు, ఊరు బెంగాల్లోని లిలువా, నా ముందర కూచున్నది మా చెల్లెలు వరాలు. ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. ఇన్నేళ్ళకి నాకు బుద్ధి రాలేదని ఆ బాల్కనీలో తెలిసింది.

ఇప్పుడు మేముండేది లిలువాకి గంట దూరంలోనే, న్యూ టౌన్‌లో, పద్నాలుగో అంతస్తు. వానాకాలం మొదలయ్యాక పిల్ల మెడ మీద చిన్న వలయం కనిపించింది. ఈ ఊరి చెమటకి అలాంటివి మామూలే అనుకున్నాం. మౌనిక కింద మెడికల్ షాపులో చూపించి ఒక ట్యూబు తెచ్చింది. నాలుగు రోజుల్లో ఎరుపు పోయింది. ఇంటిల్లిపాదీ సంతోషించాం. వారం తిరిగేసరికి అది అరచెయ్యంత అయి, చంకలో ఒకటి, నడుం మీద ఒకటి పిల్లలు పెట్టింది. అక్కణ్ణించి మౌనిక ఫోనుకి అతుక్కుపోయింది. వెల్లుల్లి రాసింది, పిల్ల కెవ్వుమంది. వెనిగర్ పూసింది, తోలు కాలింది. మా కాంప్లెక్సు వాట్సాప్ గ్రూపులో ఎవరో పేరు పెట్టకుండానే, చర్మవ్యాధులున్న పిల్లల్ని ఆటస్థలానికి పంపొద్దని రాశారు. ఆ రోజు మౌనిక బాత్రూంలో కుళాయి తిప్పుకుని ఏడ్చింది. కుళాయి శబ్దానికి ఏడుపు వినపడదని ఆడవాళ్ళందరం అనుకుంటాం. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమంటే, మాత్రలిస్తారు, ఆ మాత్రలు లివరు పాడుచేస్తాయట, ఫోనులో చదివానంది. పుట్టిల్లు కరీంనగర్ వైపు. కంగారు పడితే తన మాట పూర్తిగా అక్కడికి వెళ్ళిపోతుంది. "నాకైతే భయమైతాంది అత్తమ్మా. మీకు ఆకుమందు తెల్సు కదా, మీ నాయనమ్మ చేస్తుండె అన్నరు. అది చేయుండ్రి," అని నా చేతులు పట్టుకుంది.

ఆ ఇంట్లో నా అవసరం పడటం అరుదు. పప్పు కుక్కరు ఉడికిస్తుంది, బట్టలు మిషను ఉతుకుతుంది, పిల్లకి కథలు ఫోను చెబుతుంది. అందుకని, చేతులు పట్టుకుని అడిగేసరికి నేను ఉబ్బిపోయాననే చెప్పాలి. మర్నాడే కర్ర పట్టుకుని కిందికి దిగి, ఇంకా కట్టడం మొదలెట్టని ఖాళీ స్థలంలో వెతికాను. తగిరిస మొక్క కనపడింది. పసుప్పచ్చటి చిన్న పువ్వులు, సన్నటి కొడవళ్ళలాంటి కాయలు, నలిపితే ఒకలాంటి చేదు కంపు. ఆకు దూసుకొచ్చి పుల్లమజ్జిగతో, పసుపుతో నూరి రాశాను. రెండు వారాలు రాశాను. చంకలోది మాడింది, నడుం మీదది చాలామటుకు పోయింది. మౌనిక నన్ను దేవుణ్ణి చూసినట్టు చూడటం మొదలుపెట్టింది. అలా చూస్తున్న మనిషికి, జుట్టులో ఇంకోటి పుట్టిందని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

లిలువాలో మా క్వార్టరు ఒక గది, ఒక వరండా, వరండా చివర మూడడుగుల వంటిల్లు. నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. శ్రీకాకుళం నించి వచ్చి చేరినవాడు. పొద్దున్న సైరను కూసేలోపు అమ్మ బొగ్గుల కుంపటి రాజేసి గంజన్నం పెట్టాలి. ఆ పొగ, పక్క క్వార్టర్లలో కాగే ఆవనూనె ఘాటు, నాన్న బట్టల్లో ఎంత ఉతికినా పోని గ్రీజు వాసన. మా ఇంటి గాలి అంటే ఆ మూడే. నాలుగోది మా మామ్మ సన్నికల్లు. మామ్మ అంటే నాన్నకి అమ్మ. ఆవిడకి రెండు సన్నికళ్ళు ఉండేవి. ఒకటి పచ్చళ్ళకి. రెండోది, అంచు విరిగింది, మందులకి. మందు సన్నికల్లు మీద మేం చెయ్యి వేస్తే వేళ్ళ మీద కొట్టేది. ఆ వీధిలో తెలుగువాళ్ళు, బిహారీలు, బెంగాలీలు అని లేకుండా పిల్లకి గజ్జి అయితే, సెగ్గడ్డ లేస్తే, చెవి కారితే మామ్మ దగ్గరికే తెచ్చేవారు. ఆవిడకి బెంగాలీ ఒక్క ముక్క రాదు. వాళ్ళకి తెలుగు రాదు. అయినా ఆ వరండాలో బేరం కుదిరిపోయేది. పక్క క్వార్టరు మాషీమా, అంటే మేం పిన్నిలాగా పిలుచుకునే బెంగాలీ ఆవిడ, దుబాసీగా ఉండి నవ్వేది.

మామ్మ చేతిలో గుణం లేదని నేననను. ఆ ఏడు వానల్లో మొదట తామర వచ్చింది నాకే, మోచేతి మీద. మామ్మ రైలు కట్ట పక్కనించి తగిరిసాకు తెప్పించి, పులిసి పురుగు పట్టేంత మజ్జిగతో నూరి, మూడు వారాలు పట్టు వేసింది. నల్లబడి, పొట్టు రాలి, మచ్చ కూడా లేకుండా పోయింది. ఆ మోచెయ్యి ఇప్పటికీ నున్నగానే ఉంది. మా ఇంటికి వచ్చిన ఆపద అక్కడే మొదలైందని నాకు తరవాత అర్థమైంది. మోచేతి మీద కుదిరిన మందు తల మీద కుదరదని ఎవరికి తెలుసు?

వరాలు నాకంటే ఆరేళ్ళు చిన్నది. నాకూ దానికీ మధ్య పుట్టిన ఇద్దరూ పురిట్లోనే పోయారు. ఈ కడుపైనా నిలబెడితే పిల్ల పుట్టెంట్రుకలు కొండకొచ్చి ఇస్తామని మామ్మ సింహాద్రి అప్పన్నకి మొక్కుకుంది. వరాహస్వామి పేరే దానికి పెట్టింది. పుట్టినప్పటినించి దాని తల మీద కత్తెర పడలేదు. మొదటి ఏడు తాత పోయాడు, ఏడాది మైల. రెండో ఏడు నాకు సన్నిపాత జ్వరం. మూడో ఏడు నాన్న వేలు మిషనులో నలిగింది. అలా ప్రయాణం వెనక్కి వెనక్కి పోయి, దాని జుట్టు ముందుకి ముందుకి పోయి, అయిదో ఏడు వచ్చేసరికి నడుం దాటింది. ఒత్తుగా, ఉంగరాలుగా, ఎండలో ఎర్రగా ఉండే జుట్టు. మామ్మ దాన్ని మా జుట్టనేది కాదు, అప్పన్న సొమ్మనేది. ఆముదం పట్టించి, చిక్కు తీసి, రాలిన ఒక్కో వెంట్రుకని కూడా గుడ్డలో చుట్టి దాచేది. వీధిలో పిల్లలందరం వానలో తడిసినా వరాలు మాత్రం గడప దాటకూడదు. ఆ జుట్టు బరువుకి దాని మెడ ఎప్పుడూ ఒక పక్కకి వాలి ఉండేది.

నా మోచెయ్యి మానుతూండగానే దాని నడినెత్తి మీద దురద మొదలైంది. మేమిద్దరం ఒకే తలగడ మీద పడుకునేవాళ్ళం. చూస్తే చిన్న పొట్టు మచ్చ. తల గొరిగిస్తే మందు బాగా పడుతుందని నాన్న నసిగాడు. కొండ మీద తప్ప కత్తి పడకూడదని మామ్మ. పోనీ సెలవు పెట్టి కొండకే పోదామంటే, అమ్మకి అప్పటికే నాలుగో నెల. తల్లి కడుపుతో ఉండగా పిల్ల పుట్టెంట్రుకలు తీస్తే కడుపులో బిడ్డకి కీడని మావాళ్ళలో గట్టి పట్టు. ఇద్దరు బిడ్డల్ని పోగొట్టుకున్న అమ్మకి ఆ మాట విన్నాక మొహంలో రక్తం లేదు. ఒళ్ళో పిల్ల ఒకటి, కడుపులో బిడ్డ ఒకటి. ఎటు కదిలినా ఒకరికి దెబ్బ. పురుడయ్యాక చూసుకుందాం, అందాకా ఆకుమందు రాద్దాం అని తీర్మానించారు. అంటే ఇంకో అయిదు నెలలు, ఆ జుట్టు కింద.

రాసే పని నాది. మామ్మకి అప్పటికి రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయి. ఆకు నూరగలదు, పాయ తియ్యలేదు. అమ్మ ఆ మజ్జిగ వాసనకి వాంతి చేసుకునేది. నాన్న పొద్దున్న పోతే సాయంత్రం. మొత్తం ఇంట్లో వరాలు నెత్తిని చూడగల కళ్ళు నావే. బడినించి రాగానే పుస్తకాలు పడేసి వరండాలో కూచునేదాన్ని. అది నా కాళ్ళ మధ్య కూచునేది. పాయ తీసి, ముద్ద పట్టించి, గుడ్డ కట్టాలి. మొదటి వారం బుద్ధిగా చేశాను. రెండో వారం మచ్చ అణా బిళ్ళనించి అరచేతికి పెరిగింది. తరవాత మచ్చ అనడానికి లేదు. వెంట్రుకలూ ముద్దా కలిసి అట్ట కట్టేశాయి. అట్ట కిందనించి తడి. ఆ తడికి మజ్జిగ పులుపు కాని ఇంకో వాసన. ముక్కు పక్కకి తిప్పుకుని, అట్ట మీద అంటీ అంటనట్టు ముద్ద పెట్టి, చుట్టూ బాగున్న జుట్టుకి పట్టించి గుడ్డ కట్టేసేదాన్ని. లోపలినించి అమ్మ అడిగేది, "ఎలగుందే?" అని. "తగ్గతందమ్మా," అనేదాన్ని. మామ్మ అడిగితే మామ్మకీ అదే మాట. మామ్మ నా బుగ్గలు పుణికి, నా చెయ్యి మంచిదనేది.

పెద్దయ్యాక ఈ అబద్ధానికి నేనొక మంచి కారణం తయారుచేసుకున్నాను. తగ్గలేదంటే ఆసుపత్రికి తీసుకెళ్తారు, ఆసుపత్రిలో జుట్టు తీసేస్తారు, తీసేస్తే కడుపులో తమ్ముడికి కీడు, అమ్మ మళ్ళీ ఏడుస్తుంది, అందుకని చెప్పలేదని. పెళ్ళయ్యాక మా ఆయనకి అలాగే చెప్పాను. ఆయన జాలిపడ్డారు కూడా. అందులో కొంత నిజం ఉంది. అమ్మ ఏడుపంటే నాకు భయమే. కానీ అసలు కారణం అది కాదు. నాకు రోత. దాన్ని చూడాలంటే రోత, ముట్టుకోవాలంటే రోత. తగ్గలేదని చెబితే ఎవరైనా వచ్చి, సరిగ్గా చూపించు, అట్ట తీసి చూపించు అంటారు. తీయాల్సింది నేనే. ఆ ఒక్క పని తప్పించుకోవడానికి నా చెల్లెల్ని అలా వదిలేశాను. రాయడానికి కూచున్నాను కాబట్టి ఇక్కడైనా నిజం రాయాలి.

వరాలు ఏడ్చే పిల్ల కాదు. గోక్కునేది, గోక్కోవద్దంటే చేతుల మీద కూచునేది. తరవాత తరవాత ఆడుకోవడం మానేసి గోడకి ఆనుకుని ఉండేది. ఒక ఆదివారం మధ్యాహ్నం దానికి ఒళ్ళు వెచ్చబడింది. అన్నం తిననంటే అమ్మ ఒళ్ళో పడుకోబెట్టుకుని, ముద్ద నోటికి అందిస్తూ, రెండో చెయ్యి నెత్తి మీద వేసి నిమిరింది. అమ్మ చెయ్యి అక్కడ మెత్తగా దిగిపోయింది. గట్టిగా ఉండాల్సిన తల, బాగా పండిన పండులా దిగింది. పిల్ల అప్పుడు అరిచిన అరుపు వర్క్‌షాపు గోడ దాకా వినపడి ఉంటుంది. అమ్మ కంచం తోసేసి, గుడ్డ విప్పి, అట్టని అంచునించి రెండు వేళ్ళతో ఎత్తింది. కిందంతా చీము. అమ్మకి ఈసారి వాంతి రాలేదు. చాలాసేపు అలా చూసి, తలెత్తి నన్ను చూసింది.

"నిన్న సూసావా?" అంది.

"సూసాను."

అమ్మ ఇంకేమీ అడగలేదు. ఆ రోజే కాదు, బతికున్నన్నాళ్ళూ అడగలేదు. తిట్టి, రెండు దెబ్బలు వేసి ఉంటే ఇవాళ ఇది రాసే పని ఉండేది కాదేమో.

పిల్లని భుజాన వేసుకుని అమ్మ గడప దగ్గరికి వచ్చేసరికి మామ్మ అడ్డంగా కూచుని ఉంది. నాన్న వరండాలో నిలబడ్డాడు, తల్లి వైపా పెళ్ళాం వైపా తేల్చుకోలేక చేతులు నలుపుకుంటూ. మామ్మ కోపంగా లేదు. ఆవిడది భయం. ఆకు మార్చి చూద్దాం, వేపచెక్క కషాయంతో కడుగుదాం, రెండు రోజులాగు అని బతిమాలింది. ఆసుపత్రిలో కత్తెర పడితే అప్పన్న ఊరుకోడంది. అమ్మ కదలకపోయేసరికి చివరికి అడిగింది.

"కడుపులోవోడి మాటేటే?"

"కడుపులోది రేపు వొస్తాదో రాదో నాకు తెల్దు అత్తా," అంది అమ్మ. "ఇది నా బుజం మీదుంది."

మామ్మ గడప మీదనించి లేవలేదు. అమ్మ ఆవిణ్ణి దాటింది. అత్తగారిని దాటడం, అదీ కడుపుతో ఉండి, మా ఇళ్ళలో ఎవరూ చెయ్యని పని. ఆ దాటడంలో అమ్మ చీర అంచు మామ్మ తల మీద తగిలింది. వెనకాలే నేను. మాషీమా ఏం జరిగిందో అడగకుండానే చెప్పులేసుకుని మాతో వచ్చింది.

రైల్వే ఆసుపత్రిలో డాక్టరు ముసలాయన. జుట్టంతా కత్తిరించమని నర్సుకి చెప్పాడు. అమ్మ కళ్ళు మూసుకుంది. కత్తెర శబ్దం అయ్యేంతసేపూ ఒక చెయ్యి పొట్ట మీద పెట్టుకునే ఉంది. నడుం దాటిన జుట్టు గచ్చు మీద కుప్పగా పడింది. దాన్ని మూటకట్టి ఇమ్మని అమ్మ సైగ చేసింది. కాల్చెయ్యాలి, ఎవరికీ అంటకూడదని నర్సు తీసుకుపోయింది. డాక్టరు చీము తీస్తూ మాషీమాతో చెప్పాడు. ఈ రోగం తల మీద పైపైన ఉండదు, వెంట్రుక కుదుట్లోకి దిగుతుంది, అక్కడికి ఏ పూతా చేరదు, మాత్రలే చేరాలి, రోజూ పాలతో వారాల తరబడి వెయ్యాలి. పిల్ల బతికిపోతుంది. కానీ నడినెత్తిన ఆ చోట మళ్ళీ జుట్టు మొలవదు. ముందే తెచ్చి ఉంటే మొలిచేది. ఆ మాట అన్నాక ఆయనకి కోపం వచ్చింది. అమ్మ వైపు తిరిగి, ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావు, ఇంట్లో దీని తల చూసేవాళ్ళెవరూ లేరా అని బెంగాలీలో కేకలేశాడు. మాషీమా తర్జుమా చెయ్యబోయింది. అక్కర్లేకపోయింది. కేకలు ఏ భాషలోనైనా అర్థమవుతాయి. అమ్మ నా వైపు చూడలేదు.

"నానే సూసుకోనేదు బాబూ," అంది.

తెలుగులో అంది. ఆయనకి అర్థం కాలేదు, నర్సుకీ కాలేదు. మాషీమాకి మాట అర్థమైంది గానీ, అది అబద్ధమని ఆ గదిలో తెలిసింది నాకొక్కదానికే.

తరవాతి నాలుగు నెలలు మా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. బిడ్డ కదలడం ఒక పూట తెలియకపోతే అమ్మ గోడ పట్టుకుని నిలబడిపోయేది. ఆవిడ లెక్కలో తను ఒక బిడ్డని ఇచ్చి ఇంకో బిడ్డని కొనుక్కుంది. మామ్మ ఒక్క మాట దెప్పలేదు. మందు సన్నికల్లు కడిగి, గోడ వైపు తిప్పి పెట్టేసింది. వీధిలో వాళ్ళు పిల్లల్ని తెస్తే చేతులు ఊపి పంపేసేది. వరాలు మాత్ర వేసుకునే వేళకి మాత్రం గ్లాసుతో పాలు పట్టుకుని, ఆ గొరిగిన తల వెనకాల నిలబడేది, కనపడని కళ్ళతో. తమ్ముడు నిక్షేపంగా పుట్టాడు. ఇప్పటికీ ఉన్నాడు, బీపీ తప్ప వేరే కీడేమీ లేదు. మరుసటేడు అందరం కొండకి వెళ్ళాం. పుట్టెంట్రుకలు కాల్చేశారు గనక మళ్ళీ పెరిగినవి ఇద్దామని మామ్మ. కత్తి తల మీద నడుస్తూ నడుస్తూ నడినెత్తి దగ్గర ఆగింది. "ఇక్కడ తియ్యడానికి ఏటీ నేదమ్మా," అన్నాడు మంగలి. మామ్మ చెయ్యి చాపి, తడిమి, ఆ నున్నటి చోటు మీద అరచెయ్యి పెట్టి, అప్పుడు ఏడ్చింది.

ఆ చోటుని దాచుకుంటూనే వరాలు బతికింది. పాపిడి పక్కకి తీసి, పైన జుట్టు మడిచి, పిన్ను పెట్టి. పెళ్ళి చూపుల్లో, పెళ్ళిలో, పురిట్లో, ఫోటోల్లో. ఎప్పుడైనా గాలి వేస్తే దాని చెయ్యి తనంతట తనే నెత్తి మీదికి పోతుంది. ఆ చెయ్యి లేచినప్పుడల్లా నేను వేరే వైపు చూస్తాను. అరవయ్యేళ్ళుగా చూస్తున్నాను.

మొన్న బాల్కనీ లోంచి లేచి దానికి ఫోను చేశాను. ఖరగ్‌పూర్‌లో కూతురి దగ్గర ఉంటోంది. ముందు మనవరాలి సంగతి చెప్పాను. మా కాలంలో మామ్మ, ఇప్పుడు మెడికల్ షాపు వాడూ, ఫోనూ. భయపడ్డ తల్లి చేతికి ముందు ఏది అందితే అదే మందు అని ఏదేదో వాగాను. అది ఊఁ కొడుతోంది. చివరికి, అప్పుడు నీ తల నేను సరిగ్గా చూడలేదే, చూడకుండానే తగ్గుతోందని చెప్పాను అన్నాను. ఇంత చిన్న వాక్యం చెప్పడానికి నాకు ఒక జీవితం పట్టింది.

"నాకు తెలుసక్కా," అంది. "నీ సేతి ఏళ్ళు ఆడికొచ్చేసరికి ఆగిపోయీవి. సుట్టూ రాసీదానివి."

"మరి అమ్మకి సెప్పనేదేటే?"

వాళ్ళింట్లో కుక్కరు కూత వినిపించింది.

"సెప్తే అమ్మ నిన్ను కొడతాది. నువ్వు మరి రావు. నువ్వూ రాకపోతే నాకెవులు రాస్తారు?"

ఫోను పెట్టేశాక ఏడుపు రాలేదు. వస్తే బాగుండేది. అయిదేళ్ళు నిండని పిల్ల, చేతుల మీద కూచుని, నొప్పి ఓర్చుకుంటూ, నా సగం పనిని కూడా పోగొట్టుకోవడం ఇష్టం లేక నోరు మూసుకుంది. నేనేమో అది నా అబద్ధం అనుకున్నాను. అది సగం మోసింది.

లేచి వంటింట్లోకి వెళ్ళి, తగ్గలేదు, డాక్టరు దగ్గరికి పోదాం, ఇప్పుడే అన్నాను. మౌనిక చేతిలో గరిటె అలాగే ఉంది. పొద్దునే కదా తగ్గిందన్నరు అంది. పిల్లని పిలిచి, జుట్టు ఎత్తి, ఈసారి నా వేలితో ఆ చోటు తాకి చూపించాను. మౌనిక మొహం చూడలేకపోయాను. మాత్రల గురించి ఏదో అనబోయింది. మా చెల్లెలి నెత్తి సంగతి చెప్పాను, జుట్టు మొలవని చోటు సంగతి. ఫోను తీసి క్యాబ్ పిలిచింది.

డాక్టరు చిన్న పిల్ల, మా మౌనిక కంటే చిన్నది. భూతద్దం లాంటిది పెట్టి జుట్టులో చూసింది. ఇది తలలో కుదుట్లోకి దిగే రకం, పైపూతలకి పోదు, మాత్రలు వెయ్యాల్సిందే, ముందుగా లివరు పరీక్ష చేద్దాం, భయం లేదు, ఇంకా లేతగానే ఉంది, జుట్టు మళ్ళీ వస్తుంది అంది. జుట్టు వస్తుందన్న మాటకి మౌనిక కుర్చీ చెయ్యి పట్టుకుంది. తరవాత ఆ డాక్టరు తలెత్తి, కోపంగా ఏం కాదు, కాగితంలో రాసుకోవడానికే, జుట్టులో ఇది ఎన్నాళ్ళనించి ఉంది, ముందు ఎవరూ చూడలేదా అని బెంగాలీలో అడిగింది. మౌనిక తన తప్పే అన్నట్టు తల దించుకుంది.

"నానే సూసుకోనేదమ్మా," అన్నాను. "మూడు రోజులై సూస్తన్నాను. తగ్గతందని సెప్పీసినాను."

పుట్టినప్పటినించి ఈ వైపే ఉన్నాను, బెంగాలీ నాకు తెలుగంత వచ్చు. అయినా తెలుగులోనే వచ్చింది, అదీ మా అమ్మ తెలుగులో. డాక్టరుకి అర్థం కాలేదు. అర్థమైన మనిషి తల తిప్పి నన్ను చూస్తోంది. నేను ఈసారి వేరే వైపు చూడలేదు. పిల్ల నా ఒళ్ళో కూచుని కాళ్ళు ఊపుతోంది. డాక్టరు మళ్ళీ అడిగింది, ఏమన్నారు అని. అదే మాట బెంగాలీలో చెప్పాను.